సున్నం కింది పేరు

మొన్న కామారెడ్డిలో మా మనుమడి సామాన్యజ్ఞాన పుస్తకం తిరగవేస్తుంటే ఒక ప్రశ్న కంటబడింది. అలెగ్జాండ్రియా దీపస్తంభమును నిర్మించినది ఎవరు? జవాబు: టాలెమీ. ముప్పై ఐదేండ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. ఇటువంటి జవాబు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. టాలెమీ రాజు. ఆయన తాపీ పట్టినాడా?

ఈజిప్టు తీరాన ఫారోస్ అనే దీవి మీద, క్రీ.పూ. 280 ప్రాంతంలో ఆ స్తంభం పూర్తయింది. మొదటి టాలెమీ తలపెట్టగా కుమారుని కాలంలో ముగిసింది. అడుగున చతురస్రం, నడుమ అష్టకోణం, పైన వర్తులం. ఎత్తు నూరు మీటర్ల మాట. ఆ దీవి పేరే గ్రీకు, ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో నేటికీ దీపస్తంభానికి పేరుగా నిలిచింది.

దానితో ముడిపడిన మనిషి క్నిడస్ నగరవాసి సోస్ట్రాటస్. అతడు తన పేరును రాతిలో చెక్కి, దానిపై సున్నం పూసి, ఆ సున్నం మీద రాజు పేరు వ్రాసినాడని రెండవ శతాబ్దపు రచయిత లూషియన్ చెప్పినాడు. ఏండ్లు గడిచి సున్నం రాలింది, రాతిలోని పేరు బయటపడింది. చరిత్ర ఎట్లా వ్రాయాలో చెప్పే వ్యాసంలో లూషియన్ ఈ కథను ఉంచడం గమనింపదగినది. రాజే ఉదారబుద్ధితో ఆ పేరు చెక్కనిచ్చినాడని ప్లినీ అంటాడు. సోస్ట్రాటస్ శిల్పి కాడు, దాత మాత్రమే అనే పండితులూ ఉన్నారు. ఉండనీండి. ఏ కథ నమ్మినా రాతిలో నిలిచిన పేరు రాజుది కాదు కదా!

"సముద్రం మొహం చూడని మనకెందుకయ్యా ఈ గోల?" అన్నాడొక మిత్రుడు. సముద్రందాకా పోనక్కరలేదు, ఎల్లారెడ్డి దగ్గర నిజాంసాగర్ కట్ట ఎక్కితే చాలు. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ జలాశయానికి ప్రభువు పేరు పెట్టినారు. ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ పేరు నా చదువు కాలంలో ఏ పాఠంలోనూ వినలేదు. తెలంగాణ ఏర్పడిన తరువాతనే ఆయన పుట్టినరోజు జులై 11ను ఇంజినీర్ల దినంగా జరుపుతున్నారు. సంతోషమే. ఆ ఒక్క పేరు మీది సున్నం రాలడానికి ఎనిమిది దశాబ్దాలు దాటినవి. మరి నీట మునిగిన నలుబది గ్రామాల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నవి? రాళ్ళు మోసిన కూలీల పేర్లు ఎవరు వ్రాసిపెట్టినారు?

పాలంపేట గుడి కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం ఆయన పేరే చెబుతుంది. జనం మాత్రం శిల్పి పేరని నమ్మి రామప్ప గుడి అనే అంటున్నారు. పండితులకు లేని న్యాయబుద్ధి పామరులకు ఉన్నది!

నేను పనిచేసిన ఒక బడిలో రెండు గదులకు వేసిన శిలాఫలకం మీద పదకొండు పేర్లుండేవి. గోడ కట్టిన మేస్త్రీ పేరు లేదు. మూడో యేట ఆ గదులు కురిసినప్పుడు మాత్రం అందరి నోటా అతని పేరే!

ఫారోస్ స్తంభం 1303, 1323 భూకంపాలలో శిథిలమైంది. 1349లో అక్కడికి పోయిన ఇబ్న్ బతూతా లోపలికి అడుగుపెట్టలేకపోయినాడు. 1477లో ఆ చోటనే సుల్తాను కోట లేచింది. కోటకూ సుల్తాను పేరే, కైత్‌బే.

మనుమడి పుస్తకంలో టాలెమీ పక్కన సోస్ట్రాటస్ అని పెన్సిలుతో వ్రాసినాను. వాడు చూసి రబ్బరు తీసినాడు.

"గిట్ల రాస్తె మార్కు పోతది తాతా."