నలుపు నీడ కాదు

గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం ఇళ్లకు మరలుతున్న వేళ, మా మద్రసాలో చదివే ఒక విద్యార్థి తాతగారు మమ్మల్ని కలిశారు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన పెద్దమనిషి. చేతి రుమాలులో చుట్టి తెచ్చిన మూడు జతల నల్లకళ్లద్దాలను మా ముందు పరిచి, “మౌలానా సాబ్, వారానికోసారి గాలం పట్టుకుని హిమాయత్‌సాగర్ వైపు వెళ్లడం నాకు అలవాటు. మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు మండిపోతున్నాయి. మనవళ్లు తలా ఒక జత కొనిపెట్టారు. వీటిలో ఏది పెట్టుకోమంటారు?” అని అడిగారు. అన్నిటికంటే నల్లగా ఉన్న జతను చూపి, “ఎంత నలుపైతే అంత చలువ అని అమ్మినవాడు చెప్పాడట” అని కూడా అన్నారు.

కళ్లద్దాల సంగతి మౌల్వీని అడగడమేమిటని పాఠకులకు తోచవచ్చు. ఆయన మమ్మల్ని అడగడానికి కారణముంది. మా ఎడమ కంటికి శస్త్రచికిత్స జరిగిన సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

మా బాల్యం మీరాలం చెరువు దాపున గడిచింది. ఇరవై ఒక్క అర్ధవృత్తాలను వరుసగా పేర్చినట్లుండే ఆ చెరువు కట్ట మీద అబ్బాజాన్ వెదురు గాలంతో కూర్చునేవారు. మేము పక్కన కూర్చుని, నీటి మీద ఆడే బెండును కళ్లు చిట్లించి చూస్తూ గంటలు గడిపేవాళ్లం. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు మమ్మల్ని వదలలేదు. అప్పట్లో ఫుట్‌పాత్ మీద ఒక నల్లకళ్లద్దాల జత కొని, ఎన్నో ఏళ్లు దానినే నమ్ముకున్నాము. నలభై దాటాక ఎడమ కంటి తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి ఒక పలుచని కండ నల్లగుడ్డు మీదికి పాకసాగింది. యునానీ హకీములు దీనిని నాఖూనా అంటారు, గోరు వంటిదని. పూర్వపు అరబ్బు నేత్రవైద్యులు జఫరా అన్నారు, దాని అర్థమూ గోరే. నేటి వైద్యులు టెరిజియం అంటారు. ఎండలో, దుమ్ములో, నీటి ఒడ్డున ఎక్కువ కాలం పనిచేసేవారిలో ఇది తరచుగా కనబడుతుంది.

మా అద్దాల వల్లనే అది వచ్చిందని మేము అనలేము. అయితే శస్త్రచికిత్స చేసిన వైద్యుడు ఆ అద్దాలను పరీక్షించి చెప్పిన మాట మాత్రం మరువలేము. “ఇవి వెలుతురును ఆపాయి హజ్రత్, ఎండను ఆపలేదు” అన్నారాయన.

ఆ మాటలోని అంతరార్థం ఇది. కంటికి హాని చేసే అతినీలలోహిత కిరణాలు మనకు కనబడవు. కనబడే వెలుతురును తగ్గించేది అద్దానికి వేసిన రంగు. కనబడని కిరణాలను ఆపేది అద్దపు పదార్థం, లేదా దానికి పట్టించిన ప్రత్యేకమైన పూత. ఈ రెండూ వేర్వేరు గుణాలు. నల్లటి అద్దం వెనుక కన్ను చీకటిలో ఉన్నానని భ్రమపడి కనుపాపను విప్పుతుంది. ఆ అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపనిదైతే, విప్పారిన ఆ ద్వారం గుండా అవి మరింతగా లోపలికి చేరతాయి. అద్దాలు లేనప్పుడు మనం కనీసం కళ్లు చిట్లించుకుంటాం. చెడ్డ అద్దం ఆ సహజ రక్షణను కూడా తీసివేస్తుంది. అలా చూస్తే నలుపు నీడ కాదు, నీడ వేషం మాత్రమే.

చేపలు పట్టేవారికి రెండవ బాధ కూడా ఉంది. అది నీటి మీది తళతళ. పైనుంచి పడే ఎండకు టోపీ అడ్డుపడుతుంది. నీటి మీద పడి ఎదురు తిరిగి వచ్చే వెలుగుకు టోపీ అడ్డు రాదు. ఇక్కడ మన పూర్వ విద్వాంసుడొకరిని తలచుకోవాలి. 11వ శతాబ్ది తొలి దశాబ్దాలలో కైరోలో నివసించిన బస్రా వాసి ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రం మీద ‘కితాబుల్ మనాజిర్’ అనే గ్రంథాన్ని ఏడు భాగాలుగా రచించారు. తొలి మూడు భాగాలు సూటి చూపును గురించినవి. తర్వాతి మూడు, వెలుగు ఒక తలం మీద పడి వెనుదిరగడాన్ని గురించినవి. ఏడవది, వెలుగు నీరు, గాజు వంటి వాటిలోకి ప్రవేశించి వంగడాన్ని గురించినది. గాలం వేసే మనిషికి ఈ విభజన అంతా ఒడ్డు మీదనే అనుభవానికి వస్తుంది. కళ్లు చెదరగొట్టేది వెనుదిరిగిన వెలుగు. చేపను చూపించేది నీటి లోపలి నుంచి వంగి వచ్చే వెలుగు. మొదటిది రెండవదానిని కప్పివేస్తుంది.

నీటి మీద ఏటవాలుగా పడి వెనుదిరిగిన వెలుగులోని కంపనాలు అధికభాగం ఒకే దిశలో, నీటి మట్టానికి సమాంతరంగా ఉంటాయి. వెనుదిరిగిన వెలుగుకు ఇలాంటి గుణముందని 1808లో ఫ్రాన్సులో మాలుస్ అనే శాస్త్రవేత్త కనుగొన్నారు. ఒక భవనపు కిటికీ అద్దాల మీది తళుకును స్ఫటికం గుండా చూస్తుండగా ఆయనకు అది స్ఫురించింది. ఆ గుణం గల వెలుగును వడగట్టే పలుచని పలకకు అమెరికాలో ఎడ్విన్ లాండ్ 1929లో పేటెంటు కోరారు. నేడు దుకాణాలలో ‘పోలరైజ్డ్’ అని అమ్మేవి ఆ కోవకు చెందిన అద్దాలే. అవి కిటికీకి అమర్చిన నిలువు చువ్వల వంటివి. అడ్డంగా వచ్చే కంపనాన్ని ఆపి, నిలువుగా వచ్చేదానిని వదులుతాయి. తళుకు తొలగిపోయి నీటి లోపల ఉన్నది బయటపడుతుంది.

ఈ సంగతి చెప్పి, ఆ పెద్దాయన తెచ్చిన మూడు జతలను మసీదు ఆవరణలోనే పరీక్షించాము. ఒక జత బూడిద రంగు, ఒకటి గోధుమ రంగు, మూడవది ఆ కారునల్ల జత. ఒక అద్దం ముందు మరొక అద్దాన్ని ఉంచి, ఒకదానిని మెల్లగా పావు చుట్టు తిప్పాలి. రెండూ పోలరైజ్డ్ అయితే అడ్డం తిరిగినప్పుడు వాటి గుండా చూపు ఆనదు, దాదాపు పూర్తిగా నల్లబడతాయి. బూడిదను గోధుమ మీద పెట్టి తిప్పితే రాత్రి దిగినట్లయింది. కారునల్ల జతను వాటిలో దేని మీద పెట్టి తిప్పినా ఏ మార్పూ లేదు. అన్నిటికంటే నల్లనిదే పోలరైజ్డ్ కాదు. ఇంట్లో ఒకే జత ఉన్నవారు వెలుగుతున్న మొబైల్ తెర ముందు అద్దాన్ని తిప్పి చూడవచ్చు. చాలా ఫోన్లలో ఏదో ఒక కోణంలో తెర మసకబారుతుంది.

పరీక్ష ఇంతటితో పూర్తి కాలేదు. పోలరైజ్డ్ అయినంత మాత్రాన అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని కాదు. ఆ సంగతి కంటితో తేల్చలేము. పత్తర్‌గట్టీ వైపున్న ఒక కళ్లద్దాల దుకాణానికి ఆయనను పంపాము. అక్కడి చిన్న మీటరు కింద బూడిద, గోధుమ జతలు నెగ్గాయి. కారునల్లది ఓడిపోయింది. దాని మీద మాత్రం ‘యూవీ 400’ అని మెరిసే చీటీ అంటించి ఉంది. నిజంగా ఆ గుణమే ఉంటే 400 నానోమీటర్ల వరకు గల కిరణాలను ఆపగలదని ఆ అంకెకు అర్థం. చీటీ అంటించడం సులువు, గుణం కలిగించడం కష్టం. బజారులో ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి, అడుగున తడిని పైకి తీసి అమ్మకందారును నిలదీసిన దైవప్రవక్త (సఅసం) వృత్తాంతం మనమెరిగినదే. కనబడని లోపాన్ని దాచి అమ్మడం కంటి విషయంలో మరింత తీవ్రమైనది. మన సోదరులలో ఈ వ్యాపారం చేసేవారు అనేకులు ఉన్నారు కనుక ఈ మాట వారికి కూడా విన్నవిస్తున్నాము.

ఇక రంగుల విషయం. బూడిద రంగు అద్దం లోకాన్ని ఉన్న రంగులలోనే చూపిస్తుంది. విశాలమైన లోతు నీటి మీద, మిట్ట మధ్యాహ్నపు ఎండలో అది మేలు. గోధుమ, రాగి రంగులు నీలి వెలుగును తగ్గించి, నీడకూ వెలుగుకూ మధ్య తేడాను పెంచుతాయి. మన చెరువులలో వలె మట్టి కలిసిన నీటిలో, ఒడ్డుకు దగ్గరగా ఉన్న నాచు, రాళ్లు, కదలికలు వాటితో స్పష్టంగా కనబడతాయి. పసుపు రంగు తెల్లవారు జామున, మబ్బు పట్టిన వేళలకు తగినది, గట్టి ఎండకు చాలదు. పైన అద్దంలా మెరిసే పూత వెలుతురును మరికొంత తగ్గిస్తుంది. మిగిలినదంతా సోకు. నలుపుకు కూడా కొలతలున్నాయి. మూడవ తరగతి అద్దం 8 నుంచి 18 శాతం వెలుతురును లోనికి రానిస్తుంది, మన ఎండకు అది సరిపోతుంది. నాల్గవ తరగతి 8 శాతం కన్నా తక్కువే రానిస్తుంది. దానిని పెట్టుకుని వాహనం నడపరాదు. చెరువు నుంచి బండి మీద తిరిగి వచ్చేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

పదార్థంలో పాలికార్బొనేట్‌ను మేము మొదట చెబుతాము. అది తేలికైనది, అతినీలలోహిత కిరణాలను స్వతహాగా ఆపుతుంది, దెబ్బకు సులభంగా పగలదు. గీతలు పడే గుణం మాత్రం ఉంది. గాజు అద్దంలో చూపు తేటగా ఉంటుంది కానీ బరువు, పగిలితే ప్రమాదం. చిక్కుకున్న గాలాన్ని బలంగా లాగినప్పుడు కొక్కెం, సీసపు గుండు ముఖం మీదికే దూసుకువస్తాయి. ఆ క్షణంలో కంటికీ కొక్కేనికీ మధ్య ఉండేది ఆ పలుచని అద్దమే. పక్కల నుంచి వెలుగు దూరకుండా ముఖానికి ఒదిగే ఫ్రేము ఎంచుకోవాలి. మా వలె చూపు అద్దాలు వాడేవారు వాటి మీద తగిలించుకునే పోలరైజ్డ్ జతను తీసుకుంటే, గాలం ముడి వేసేటప్పుడు పైకెత్తుకోవచ్చు.

మంచి అద్దం వల్ల కలిగే ఒక ప్రమాదాన్ని కూడా చెప్పకుండా ముగించలేము. తళుకు తొలగి అడుగు కనబడినప్పుడు నీరు లోతు తక్కువనిపిస్తుంది. ఇబ్నుల్ హైసమ్ ఏడవ భాగపు పాఠం ఇక్కడ వర్తిస్తుంది. నిలువుగా చూసినా, నాలుగు అడుగుల నీరు మూడు అడుగులుగానే తోస్తుంది. ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా కనబడుతుంది. “నడుము లోతే కదా” అని దిగినవాడికి అది గుండె లోతవుతుంది, పిల్లవాడికి తల మునుగుతుంది. ఏ అద్దమూ ఈ భ్రమను పోగొట్టలేదు. అడుగు కనబడుతున్నదని ఎవ్వరూ నీటిలోకి దిగవద్దు, పిల్లలను అసలు దిగనివ్వవద్దు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఈ నగరాన్ని ముంచివేసిన తర్వాత కట్టిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. నీటి బలాన్ని తక్కువగా అంచనా వేయరాదని మన నగరం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్నది.

ఆ పెద్దాయన చివరికి గోధుమ రంగు జతను ఎంచుకున్నారు. కారునల్ల జతను తెచ్చిన చిన్న మనవడు చిన్నబుచ్చుకోకుండా, దానిని గోడ మేకుకు తగిలించి, “ఇది వలీమాలకు పెట్టుకుంటాను బేటా, రాత్రిపూట ఎండ ఉండదు కదా” అన్నారట.

రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చారు. కంటి మంట చాలావరకు తగ్గిందన్నారు. మరొక సంగతి కూడా చెప్పారు. ఒడ్డు దగ్గర నాచు పక్కన ఎర్రటి చిన్న పిల్లల గుంపు నీటి పైభాగాన మసలుతుండగా, వాటి కింద ఒక పెద్ద కొర్రమీను కాపలాగా తిరగడం తొలిసారి స్పష్టంగా చూశారట. మన రాష్ట్ర చేప అయిన కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, పిల్లలను వెన్నంటి కాస్తుంది. ఆ సమయంలో దానిని పట్టడం ఎంతో సులువు. పట్టితే ఆ పిల్లలకు దిక్కుండదు.

“ఇన్నేళ్లూ తళుకు తప్ప ఏమీ కనబడక, ఎన్నిటిని అలా పట్టానో మౌలానా సాబ్” అన్నారు. ఆ రోజు గాలం చుట్టుకుని వేరే చోటికి వెళ్లారట.

నీటి వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. స్పష్టంగా చూడగలగడం కూడా ఆయన అనుగ్రహమే. చూపు దక్కినవారికి, చూసిన దానిని బట్టి నడుచుకునే బాధ్యత కూడా వెంట వస్తుంది. రాబోయే ఎండల్లో ఇంటి పెద్దలకు నల్లకళ్లద్దాలు కొనే పిల్లలు ధర కన్నా ముందు ఆ రెండు పరీక్షలు చేయించండి. ఒకటి మీ చేతిలోనే ఉంది. రెండవదానికి దుకాణందారుని మీటరు అడగండి.