ఆయన్నే అడగండి

పోయిన ఏడాది మా సంఘంలోని ఒక సోదరుడికి తోడుగా మేము ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాం. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. పుట్టుకతోనే వినికిడి లేదు, మాట రాదు. దర్జీ పని చేసి ఇల్లు నడుపుతున్నాడు. పెన్షన్ తీసుకునే వికలాంగుల సర్టిఫికెట్లను మళ్ళీ పరీక్షిస్తున్నారని సచివాలయం నుంచి కబురు వస్తే మమ్మల్ని తోడు రమ్మన్నాడు. లోపల ప్రశ్నలు అడిగినవారు ఒక్కసారి కూడా ఆయన ముఖం వైపు చూడలేదు. “ఇతనికి ఎప్పటి నుంచి ఇలా?”, “ఇంట్లో ఎవరెవరు?”, “కాస్తయినా వినపడుతుందా?” అన్నీ మమ్మల్నే అడిగారు. జవాబులు చెప్పడం మాకు అలవాటైన పని. అన్నిటికీ చెప్పాం. చివరిదానికి, “కొంచెం వినపడుతుందండి, గుడిలో మేము లోపలికి రాగానే లేచి నిలబడతాడు” అన్నాం. ఆయన గురించి మంచి మాట చెప్పామనే అనుకున్నాం.

బయటికి వచ్చాక ఆయన తన ఫోనులో టైపు చేసి చూపించాడు: “అయ్యగారూ, ఏమడిగారు? మీరేం చెప్పారు?” మేము చెప్పింది చదివి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మళ్ళీ రాశాడు: “నాకు ఏమీ వినపడదు. అందరూ లేస్తారు కదా, అది చూసి నేనూ లేస్తాను.”

పదిహేనేళ్ళుగా ఆయన మా సంఘ సభ్యుడు. ఈ సంగతి మాకు ఆ రోజే తెలిసింది.

2025 ఆగస్టులో ఆయనకు నోటీసు వచ్చింది. మా మాట వల్లే వచ్చిందని అనలేం. వినికిడిని కొలవడానికి యంత్రాలున్నాయి. కానీ ఆ గదిలో ఆయన గురించి తప్పు చెప్పిన నోరు ఆయన మేలు కోరిన కాపరిదే. ఈ వారం సంపాదకీయం రాయడానికి కారణం అదే.

నోటీసుల వెనుక ఉన్న ప్రశ్న

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పెన్షన్ నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో వికలాంగుల పెన్షన్ 4,016 రూపాయలు. అనర్హులు కూడా తీసుకుంటున్నారన్న ఫిర్యాదులతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో సర్టిఫికెట్ల పునఃపరిశీలన చేపట్టింది. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ అనో, తాత్కాలికం అనో చెబుతూ చాలామందికి నోటీసులు ఇచ్చింది. వికలాంగుల సంఘాలు వీధికెక్కాయి. అర్హత ఉందనుకునేవారు అప్పీలు చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది.

ప్రజల డబ్బుకు లెక్క చూడటం తప్పు అని మేము అనడం లేదు. దొంగ సర్టిఫికెట్‌తో తీసుకునే ప్రతి రూపాయీ నిజమైన వికలాంగుడి కంచంలోంచి తీసిందే. మా ప్రశ్న వేరు. అప్పీలు అంటే అధికారి ముందు నిలబడి తన సంగతి తాను చెప్పుకోవడం. మాట రానివాడు, చదువు లేనిది, మంచం దిగలేనివాడు, మనసుకు జబ్బు చేసిన మనిషి ఎలా చెప్పుకోవాలి? చెప్పుకోవడానికి మనం ఏ సాయం చేస్తున్నాం? లేక వాళ్ళ మాట కూడా మనమే మాట్లాడేస్తున్నామా?

అడిగినవారు వికలాంగులే

ఈ దేశంలో వికలాంగులకు దక్కిన హక్కుల వెనుక జాలిపడినవారి కన్నా అడిగిన వికలాంగుల పాత్రే ఎక్కువ. 1981 జనగణనలో వికలాంగులను లెక్కించి, 1991లో ఆ ప్రశ్నే తీసేశారు. చక్రాల కుర్చీలో తిరుగుతూ జీవితమంతా ఈ పోరాటమే చేసిన జావేద్ అబిదీ, ఆయన సహచరులు పట్టుబట్టగా 2001లో ఆ ప్రశ్న మళ్ళీ చేరింది. 2011 లెక్కల్లో దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులని తేలింది. లెక్కలోనే లేనివారికి బడ్జెట్‌లో వాటా ఎక్కడిది?

1995లో వచ్చిన మొదటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒడంబడికను భారతదేశం 2007లో ఆమోదించింది. దాన్ని అనుసరించి 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. ఆ చట్టం వికలాంగుణ్ణి పోషించవలసిన బరువుగా కాక, తన నిర్ణయం తాను చేసుకునే మనిషిగా చూసింది.

కోర్టులో సాక్ష్యం సంగతి చూడండి. మాట రానివారు రాసి గానీ సైగలతో గానీ సాక్ష్యం చెప్పవచ్చని, దాన్ని నోటి సాక్ష్యంగానే ఎంచాలని మన సాక్ష్య చట్టం చెబుతోంది. అందుకు దుబాసీని పెట్టాలి, వీడియో తీయాలి. చేతులతో చెప్పినా చట్టం దాన్ని మాటగానే వింటుంది. సంఘం వింటోందా?

2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును కూడా ఇక్కడ గుర్తుచేయాలి. చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న, బుద్ధిమాంద్యం గల ఒక అనాథ యువతి అత్యాచారానికి గురై గర్భవతి అయింది. గర్భం తీసేయడమే ఆమెకు మంచిదని అధికారులు అనుకున్నారు. హైకోర్టు అనుమతి ఇచ్చింది. బిడ్డను కనాలని ఆమె కోరుకుంటోందన్నది మాత్రం పక్కకు పోయింది. సుప్రీంకోర్టు ఆ కోరికకు విలువ ఇచ్చి హైకోర్టు ఆదేశాన్ని ఆపింది. ఆమె కోరికను పక్కన పెట్టినవారంతా ఆమె మేలు కోరుతున్నామనే అనుకున్నారు. అది మనం మరవకూడదు.

పుట్టు గ్రుడ్డివాడి చుట్టూ మాట్లాడినవారు

యోహాను సువార్త 9వ అధ్యాయాన్ని మనం ఎన్నోసార్లు ప్రసంగించాం. ఈసారి అందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మాత్రమే గమనిస్తూ చదవండి. శిష్యులు అతణ్ణి చూసి, ఇతను ఇలా పుట్టడానికి పాపం ఎవరిదని ప్రభువును అడిగారు. అతను అక్కడే ఉన్నాడు. కళ్ళు లేవు గానీ చెవులున్నాయి. చూపు వచ్చాక ఇరుగుపొరుగువారు ఇతను ఆ భిక్షగాడేనా, కాదా అని వాదించుకున్నారు. నేనే అని అతను చెబుతూనే ఉన్నాడు. పరిసయ్యులు అతని మాట నమ్మక తల్లిదండ్రులను పిలిపించారు. ఆ తల్లిదండ్రులు భయపడి తప్పించుకుందామని ఒక మాట అన్నారు: వాడికి వయసొచ్చింది, వాణ్ణే అడగండి అని.

భయంతో అన్నా ఆ అధ్యాయంలో అంత సరైన మాట ఇంకొకటి అరుదు. వాళ్ళు అతణ్ణి రెండోసారి పిలిచి అడిగారు. నిన్నటిదాకా దారిపక్కన కూర్చుని అడుక్కున్నవాడు ధర్మశాస్త్రం చదివినవారి ముందు బెదరకుండా, తర్కం తప్పకుండా మాట్లాడాడు. అందుకు వాళ్ళు అతణ్ణి వెలివేశారు. వెలివేశారని విని ప్రభువు తానే అతణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. యెరికోలో బర్తిమయి కేకలు వేస్తుంటే ఊరుకోమని గద్దించింది ప్రభువు వెంట నడుస్తున్న జనమే. ప్రభువు మాత్రం ఆగాడు, పిలిపించాడు, నీకేం కావాలని అడిగాడు. గ్రుడ్డివాడికి ఏం కావాలో ఎవరికి తెలియదు? అయినా అడిగాడు.

ఉత్తరవాది ఎక్కడ నిలబడతాడు

యోహాను మొదటి పత్రిక 2:1లో మన తెలుగు బైబిలు ప్రభువును ఉత్తరవాది అంటుంది. యోహాను సువార్త 14వ అధ్యాయంలో పరిశుద్ధాత్మను ఆదరణకర్త అంటుంది. తెలుగులో ఇవి రెండు మాటలు. మూల గ్రీకులో ఒక్కటే, పారాక్లేతోస్. పక్కకు పిలిపించుకున్నవాడు అని దాని అర్థం. పిలిస్తే వచ్చేవాడు, పక్కన నిలబడేవాడు. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో మహాసభ ముందు ఆత్మ పేతురును పక్కకు నెట్టలేదు. చదువులేని ఆ జాలరిని నింపి, అతని నోటితోనే పలికించాడు. వికలాంగుల పక్షాన నిలబడేవారు నేర్చుకోవలసిన పద్ధతి అదే. మనం ఆయన ముందు నిలబడితే ఆయన కనపడడు. పక్కన నిలబడితే ఆయన మాట వినపడుతుంది.

నిజంగా మాట్లాడలేనివారి సంగతేమిటని కొందరు పాఠకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మూగవారి కోసం నోరు తెరవమని సామెతలు 31వ అధ్యాయం చెబుతోంది కదా అంటారు. అవును, తెరవాలి. అయితే తెరిచే ముందు వాళ్ళ మనసు తెలుసుకోవాలి. 2016 చట్టం సంరక్షకుడి విషయంలో పెట్టిన క్రమం గమనించండి. ముందు ఆ మనిషి తానే నిర్ణయించుకోవడానికి తగిన సాయం ఇవ్వాలి. అది చాలకపోతేనే సంరక్షకుడు. ఆయన కూడా పరిమితంగా, ఆ మనిషిని సంప్రదించే నిర్ణయించాలి. మతిమరుపు వచ్చిన ముసలితల్లి కూడా ఏ కొడుకు ఇంట్లో ఉంటే అన్నం తింటుందో, ఎక్కడ ముద్ద మింగదో మనకు చెబుతూనే ఉంటుంది. వినడానికి ఓపిక ఉండాలి. అయితే ఆ ఓపికను కాగితం ఇవ్వలేదు. అది సంఘం ఇవ్వగలదు.

మన సంఘాల్లో

తెలుగు నేల మీద సంఘానికి ఈ పరిచర్యలో గొప్ప చరిత్ర ఉంది. ఊళ్ళు తరిమేసిన కుష్ఠురోగులకు డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ ఆసుపత్రి కట్టించారు. ఆ చరిత్రకు దేవునికి స్తోత్రం. అయితే క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తీసేసింది. వ్యాధి నయమయ్యే కాలంలో కూడా ఆ మాట మన చట్టంలో అలాగే ఉన్నప్పుడు మన వేదికల నుంచి ఎన్ని గొంతులు లేచాయి? గాయాలు కడిగాం, అన్నం పెట్టాం. వాళ్ళ మాట మాత్రం అంతగా వినలేదు.

స్వస్థత కూటముల్లో ఏం జరుగుతోందో కూడా ఒప్పుకుందాం. చక్రాల కుర్చీలో వచ్చినవారిని అడగకుండానే వేదిక మీదికి తీసుకువస్తాం. లేవకపోతే విశ్వాసం చాలలేదని పంపేస్తాం. దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతాం. కానీ ప్రార్థించే ముందు దేనికోసం ప్రార్థించమంటారని అడగడం ప్రభువు చూపిన పద్ధతి. మా సంఘంలో కాళ్ళు రాని ఒక సోదరిని చాలా ఆలస్యంగా ఆ మాట అడిగాం. ఆమె అంది: “అయ్యగారూ, గుడిలో నేను వెళ్ళగలిగే మరుగుదొడ్డి లేదు. అందుకని శనివారం రాత్రి నుంచే నీళ్ళు తాగడం మానేస్తున్నాను.” ఆమె కాళ్ళ కోసం ఎన్నో ఏళ్ళు ప్రార్థించాం. ఆమె దాహం సంగతి మాకు తెలియదు.

కాబట్టి సంఘాలకు, కాపరులకు కొన్ని మనవులు. వికలాంగుడితో మాట్లాడేటప్పుడు పక్కనున్నవారితో కాదు, ఆయనతోనే మాట్లాడండి. సదరం క్యాంపుకో అప్పీలుకో తోడు వెళ్ళండి. కాగితాలు సర్దిపెట్టండి, దారి ఖర్చు చూడండి, దుబాసీ కావాలని అడగండి. జవాబు మాత్రం ఆయన్నే చెప్పనివ్వండి. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టప్రకారం దక్కుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ 15100 నంబరుకు గానీ చెప్పవచ్చు. హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతులు ఆదివారం ప్రకటనల్లో చదవండి. యువకుల్లో ఇద్దరు సంజ్ఞా భాష నేర్చుకుంటే ఒక కుటుంబానికి మొదటిసారి ప్రసంగం అందుతుంది. కట్టడాల కమిటీలో, సంఘ పెద్దల్లో వికలాంగులు ఉండాలి. డిసెంబరు 3న శాలువా కప్పి పంపడం కన్నా ఏడాది పొడవునా ఒక కుర్చీ ఇవ్వడం మేలు. వికలాంగులు అనాలా, దివ్యాంగులు అనాలా అని మనలో మనం వాదించుకునే బదులు, వాళ్ళను ఏమని పిలవాలో కూడా వాళ్ళనే అడుగుదాం.

మా దర్జీ సోదరుడు అప్పీలు చేశాడు. మేము రాసిస్తామంటే వద్దన్నాడు. ఒకటిన్నర పేజీ తానే రాసుకుని, అక్షర దోషాలు మాత్రం చూడమన్నాడు. నాలుగు దిద్దాం. అధికారి ముందు ఆ కాగితం ఆయనే పెట్టాడు. అధికారి చదివి, తలెత్తి, అలవాటుగా మా వైపు చూసి ఏదో అడగబోయారు. మేము ఈసారి జవాబు చెప్పలేదు. చేత్తో ఆయన్ని చూపించాం.

నిర్ణయం ఇంకా రాలేదు. వచ్చేదాకా ప్రార్థిస్తాం, మళ్ళీ పిలిస్తే తోడు వెళ్తాం. ఆ సోదరుడి కోసం, నోటీసు చేతిలో పట్టుకుని ఎవరిని అడగాలో తెలియక కూర్చున్న ప్రతి ఒక్కరి కోసం మీరూ ప్రార్థించండి. అలాంటివారు మీ వీధిలోనే ఉంటారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి. ఏం కావాలని అడగండి. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడకండి.