పుస్తకం దావత్ బార్‌లోనే చేయాలా?



మన దోస్తు రాసిన కథల పుస్తకం అచ్చయి వచ్చింది. గూడెం నుంచో, తండా నుంచో హైదరాబాద్‌కు చదువుకోడానికి వచ్చిన ఒక విద్యార్థి పుస్తకం వేసుడంటే చిన్న ముచ్చట కాదు. దావత్ చేయాల్సిందే. అయితే పాతబస్తీలో మన రూమ్‌ల దగ్గరున్న బార్‌లో చేద్దామని చాలామంది అంటున్నరు. నాకు అది సరిగ్గ అనిపిస్తలేదు. తాగొద్దని నీతులు చెప్పడానికి ఇది రాస్తలేను, ఎవరి ఇష్టం వాళ్లది. నా బాధ వేరే.

బార్ అనంగనే హాస్టల్‌లో ఉండే మన చెల్లెళ్లు రారు. ఇంటర్ చదివే తమ్ముళ్లను మనమే రానియ్యం. జేబుల పైసలు లేనోళ్లు ఏదో సాకు చెప్పి తప్పించుకుంటరు. ఊరి నుంచి రచయిత అమ్మానాయన వస్తే ఎక్కడ కూర్చోబెడతం? వాళ్ల బతుకే కథల్లో ఉంది, దావత్‌లో మాత్రం వాళ్లకు జాగ లేదు.

'ఇప్పసారా మన సంస్కృతే కదా' అని కొందరు అడుగుతున్నరు. అవును, ఇప్పపువ్వు మనదే. కానీ మన దగ్గర ముందు దేవునికి, పెద్దలకు పెట్టినంకనే మిగతావాళ్లకు. ఊరంత ఒక్కదగ్గర కూర్చుంటది, ఎవరికీ బిల్లు రాదు. బార్‌కు, దానికి పోలిక లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభలకు ఇయ్యాలని చెప్పింది. ఊర్లల్ల ఆ హక్కు కోసం మాట్లాడే మనం, సిటీలో మన మొదటి పండుగను బార్‌లో చేస్తే ఎట్లుంటది? గిరిజనులంటే తాగుడే అనేటోళ్లకు మనమే ఫొటో ఇచ్చినట్టు కాదా?

ఇంకోటి పైసల సంగతి. పది మంది తలా ఆరు వందలు వేస్తే ఆరు వేలు. పుస్తకం ధర నూట యాభై అనుకుంటే నలభై కాపీలు వస్తయి. అంటే నలభై ఆశ్రమ పాఠశాలలకు ఒక్కోటి. మనోళ్లు సొంత పైసలతోనో, అప్పు తెచ్చో పుస్తకం వేస్తరు. మనం 'కంగ్రాట్స్ అన్నా' అని ఫ్రీ కాపీ అడుగుతం. మిగిలిన కట్టలు మంచం కిందికి పోతయి. ఇట్లయితే రెండో పుస్తకం ఎట్ల వస్తది? రమేష్ కార్తీక్ నాయక్ మొదటి కవిత్వం 'బల్దేర్ బండి' 2018లో వచ్చింది. 2024లో 'ధావ్లో' కథలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. మొదటి పుస్తకం దగ్గరనే ఆగిపోతే ఆ కథలు మనకు దక్కేవి కావు.

అందుకే నా మాట ఇది. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర కలుద్దాం. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి చార్మినార్ దాకా నడుద్దాం. ఇరానీ హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్. అక్కడ ఒక కథ గట్టిగ చదివిద్దాం, చదువురాని అమ్మకు కూడా వినబడేటట్టు. ప్రతి ఒక్కరు పైసలు పెట్టి రెండు కాపీలు కొనాలె. ఒకటి తనకు, ఒకటి తను చదివిన బడికి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి కూడా ఒక కాపీ ఇద్దాం.

తర్వాత బార్‌కు పోయేటోళ్లు పోండ్రి, ఎవరూ అడ్డుకోరు. కానీ పుస్తకం పేరు మీద చేసే దావత్‌కు మాత్రం అందరం రాగలగాలె.

మీరేమంటరో కింద రాయండి. ఎన్ని కాపీలు కొంటరో కూడా రాయండి.