రాత్రి చెరువుకు పనికివచ్చే కన్వర్టరు కావాలి

సౌర విద్యుత్తు, బ్యాటరీ, గ్రిడ్డులను కలిపి వాడుకొనే హైబ్రిడ్ ఇంధన వ్యవస్థలపైనా, వాటికి ప్రాణమైన కన్వర్టర్లపైనా ఇంజనీరింగ్ విద్యాసంస్థలలో విస్తృతంగా పరిశోధనలు జరుగుతున్నాయి. కన్వర్టరు సామర్థ్యాన్ని మరొక శాతం పెంచడం విలువైన పనే. అయితే ఆ ఫలితం గోదావరి డెల్టా రైతుకు అందాలంటే, ఇక్కడ విద్యుత్తు ఏ వేళ, ఏ పనికి, ఎంత కావాలో ముందుగా తెలియాలి. ఆ సమాచారాన్ని ఇంజనీర్లకు అందించవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రవేత్తలది, విస్తరణ సిబ్బందిది.

2019లో ప్రారంభమైన పి.ఎం. కుసుమ్ పథకం సౌర పంపుసెట్లకు, వ్యవసాయ ఫీడర్లను సౌర విద్యుత్తుతో నడపడానికి ప్రాధాన్యమిచ్చింది. జంగారెడ్డిగూడెం, చింతలపూడి వంటి మెట్ట ప్రాంతాలలో బోరు కింద సాగయ్యే ఆయిల్‌పామ్ తోటలకు ఇది తగిన మార్గం. ఎండ ఉన్నంతసేపు తోడిన నీటిని తొట్టిలో నిల్వ చేసుకొంటే బ్యాటరీతో పనిలేదు. డెల్టా పరిస్థితి వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి సార్వా, దాళ్వా వరి ప్రధానంగా కాలువ నీటితోనే పండుతున్నది. ఇక్కడ విద్యుత్తు కోసం ఎదురుచూసేది రొయ్యల చెరువు, అదీ రాత్రివేళ.

చీకటి పడగానే చెరువులోని నాచు ఆక్సిజన్ ఉత్పత్తిని ఆపివేస్తుంది. జీవుల శ్వాసక్రియ మాత్రం ఆగదు. అందువల్ల కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠానికి చేరుతుంది. ఒత్తుగా పిల్ల వేసిన వనామీ చెరువులో ఆ వేళ ఏరియేటర్లు ఆగితే పంట మొత్తం చేజారవచ్చు. కనుకనే రైతు గట్టుపై డీజిల్ జనరేటరును సిద్ధంగా ఉంచుకొంటాడు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక్కొక్కటి సుమారు 1 కిలోవాట్ తీసుకొనే నాలుగు ఏరియేటర్లు రాత్రి 10 గంటలు నడిస్తే 40 యూనిట్లు కావాలి. 1 కిలోవాట్ సౌర పలకల నుంచి రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయనుకొంటే, నష్టాలను లెక్కించకపోయినా 10 కిలోవాట్ల పలకలు, 40 యూనిట్లకు మించిన బ్యాటరీ అవసరం. ఇది సామాన్య రైతుకు మోయలేని పెట్టుబడి. దీనికి బదులు పగలు పండిన సౌర విద్యుత్తును గ్రిడ్డుకు ఇచ్చి, రాత్రి గ్రిడ్డు నుంచి వాడుకొంటూ, సరఫరా పోయినప్పుడు ఒక గంట మాత్రమే ఆదుకొనే బ్యాటరీని ఉంచితే 5 యూనిట్ల నిల్వ చాలు. ఆలోగా జనరేటరును నడపవచ్చు. గ్రిడ్డు పోయిన క్షణంలో మోటారు ఆగకుండా లోడును బ్యాటరీకి మార్చడమే ఇక్కడ కన్వర్టరుకు అసలు పరీక్ష.

వేగ నియంత్రణ మరొక అవకాశం. సెంట్రిఫ్యూగల్ పంపు వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది తీసుకొనే విద్యుత్తు దాదాపు సగానికి తగ్గుతుంది. ఏరియేటరుకూ వేగం తగ్గితే విద్యుత్తు ఆదా అవుతుంది, కాని నీటిలో కలిసే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. ఏ వేళ ఎంత తగ్గించవచ్చునో ప్రయోగశాల చెప్పలేదు, చెరువే చెప్పాలి. ఉప్పుగాలికి, తేమకు సర్క్యూటు బోర్డులు ఎన్నాళ్లు తట్టుకొంటాయన్నదీ అంతే.

మారుటేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి వంగడాన్ని రైతులు ఆదరించింది పరిశోధనా క్షేత్రపు దిగుబడి అంకెలు చూసి కాదు, తమ పొలాల్లో పండటం చూసి. కొత్త వంగడాన్ని చిరుసంచుల ప్రదర్శనలతో రైతు పొలంలో పరీక్షించినట్లే, కొత్త కన్వర్టరును చెరువు గట్టుపై కనీసం రెండు పంటకాలాలు పరీక్షించాలి. గంటవారీ విద్యుత్ వినియోగం, ఆక్సిజన్ స్థాయి, సరఫరా అంతరాయాలు, మరమ్మతు ఖర్చు నమోదు కావాలి. వ్యవసాయ, మత్స్య, ఇంజనీరింగ్ విద్యార్థులు ఉమ్మడిగా చేయదగిన పరిశోధన ఇది. కన్వర్టరు సామర్థ్యాన్ని శాతాలలోనే కాక, కిలో రొయ్యకు ఖర్చయిన యూనిట్లలోనూ, ఆదా అయిన డీజిల్ లీటర్లలోనూ కొలిచినప్పుడే డెల్టాకు మేలు.