సన్నమా దొడ్డా సరే, జింకు ఎంత?

బియ్యంలో పోషకాలపై మన దగ్గర చర్చంతా ధాన్యం మిల్లుకు చేరాకే మొదలవుతోంది. మిల్లులో పోషకాలు కలిపే ఫోర్టిఫైడ్ బియ్యం మేలా కీడా అని రెండు పక్షాలూ ఏళ్ల తరబడి కీచులాడుకున్నాయి. 2024 అక్టోబరులో కేంద్రం ఆ బియ్యాన్ని పంపిణీ చేసే పథకాన్ని రూ.17,082 కోట్లతో 2028 డిసెంబరు దాకా పొడిగించడానికి ఆమోదం తెలిపింది. ఈ రభసలో ఎవరి నోటా రాని లెక్క ఒకటుంది. 1960ల్లో విడుదలైన వరి వంగడాల గింజలో కిలోకు 27.1 మిల్లీగ్రాముల జింకు ఉండేది. 2000ల్లో వచ్చిన వంగడాల్లో అది 20.6కు పడిపోయింది. ఇనుము 59.8 నుంచి 43.1కి దిగింది. విత్తనంలో పోయినదాన్ని మిల్లులో వెతుకుతున్నాం.

పాతకాలపు తిండే బలమనే నిట్టూర్పుగా దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. బిధాన్ చంద్ర కృషి విశ్వవిద్యాలయం, భారత వ్యవసాయ పరిశోధనా మండలి శాస్త్రవేత్తలు జన్యుబ్యాంకు నుంచి 16 వరి వంగడాల విత్తనాలు తెచ్చి, కుండీల్లో ఒకే తీరున పెంచి తేల్చిన లెక్క ఇది. కాబట్టి నేల సారం తగ్గిందన్న సాకు ఇక్కడ చెల్లదు. నేలలో జింకు ఉన్నా దాన్ని గింజలో నింపుకునే శక్తి కొత్త వంగడాల్లో సన్నగిల్లింది. రైతు దుక్కిలో వేసే జింక్ సల్ఫేట్ పైరు ఆకులు తుప్పు రంగు తిరగకుండా కాపాడుతుంది గానీ, విత్తనం పోగొట్టుకున్న గుణాన్ని తిరిగి తేలేదు. పైగా 20.6 కూడా అడుగు మెట్టు కాదు. చైనా, జపాన్‌లలో ఆరుబయటి మడుల్లో గొట్టాలతో కార్బన్ డయాక్సైడ్ వదిలి, ఈ శతాబ్ది చివరికి ఉండగల గాలిలో 18 వరి రకాలను పండించి చూశారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం జింకు సగటున 5.1 శాతం, ఇనుము 8 శాతం, మాంసకృత్తులు 10.3 శాతం తగ్గాయి.

ఆకలి తీర్చిన వంగడాలను తప్పుపట్టడమేమిటని కొందరు అడుగుతారు. అవి ఆకలి తీర్చిన మాట నిజం. అయితే దిగుబడి కావాలంటే జింకును వదులుకోక తప్పదన్న వాదనకు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థే జవాబు చెప్పింది. ఆ సంస్థ నుంచి 2016లో విడుదలైన, మంచి దిగుబడినిచ్చే వంగడం డీఆర్‌ఆర్ ధాన్ 45లో పాలిష్ పట్టాక కూడా కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు మిగులుతుంది. ఇక లోటును ఫోర్టిఫికేషన్ పూడుస్తుందనేవారు నిబంధనలు చదవాలి. ఆ బియ్యంలో తప్పనిసరిగా కలపాల్సినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 మాత్రమే. జింకు ఐచ్ఛికం.

విరేచనాలు పట్టుకున్న పసివాడికి ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింకు మాత్రలిచ్చే ప్రభుత్వానికి, ఆ పసివాడి అన్నంలో జింకు ఎంతుందో అడగాలని తోచలేదు. ఇనుము సంగతీ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయినా తెలంగాణ క్వింటాలుకు రూ.500 బోనస్ ఇస్తున్నది గింజ సన్నదనానికే. అధిక జింకు వడ్లు పండించిన రైతుకు ఆ పాటి గుర్తింపైనా ఎందుకు లేదు? వాటిని వేరుగా కొని, వేరుగా మరపట్టించి అంగన్‌వాడీలకు, బడులకు పంపడానికి అడ్డమేమిటి? జింకు, ఇనుములకు కనీస పరిమితి పెట్టి, దాన్ని అందుకోని ఏ కొత్త వంగడానికీ విడుదల అనుమతి ఇవ్వకూడదు. 27.1ని 20.6 చేసింది వాతావరణం కాదు, రైతు అంతకన్నా కాదు. దిగుబడి ఒక్కటే చూసి వంగడాలను ఎంచిన మన విధానమే ఆ పని చేసింది. దాన్ని మార్చకుండా ఇంకెన్ని వేల కోట్లు మిల్లుల్లో కుమ్మరించినా అది పోషకాహార విధానం అనిపించుకోదు.