తుపాకి గుండ్ల సీసం: పెరటి పొయ్యిలు ఆపాలి

పోలీసులు, సైనికులు తుపాకి గురి సాధన చేసే మైదానాల పక్క పల్లెల్లో ఒక చిల్లర వ్యాపారం చాలాకాలంగా సాగుతోంది. గురిపలకల వెనుక మట్టికట్టలో దిగబడిన గుండ్లను తవ్వి తీసి, జల్లెడ పట్టి, ఇంటికి తెచ్చి కరిగిస్తారు. సీసం ముద్దగా, రాగి తొడుగులు వేరే పోగుగా తుక్కు కొట్టుకు చేరుతాయి. వానకు కట్ట కోసుకుపోతే తవ్వే పని కూడా ఉండదు, పిల్లలే ఏరుకొస్తారు. చెరువుల్లో వలలు వేసేవారు ఆ సీసాన్నే వల అంచుకు బరువులుగా పోసుకుంటారు. కూలి దొరకని రోజుల్లో నాలుగు డబ్బులు కళ్లజూపే పని గనుక ఎవరూ కాదనరు. అధికారులూ చూసీ చూడనట్టు ఉంటారు.

ఇంతకీ వచ్చేదెంత? పాత .303 రైఫిలు గుండు బరువు 11 గ్రాముల పైచిలుకు. తొడుగు, ముక్కు భాగం పోను కిలో సీసం కావాలంటే నూటికి పైగా గుండ్లు ఏరాలి. ఏకే రకం తుపాకి గుండ్లలో చాలావాటికి లోపల ఉండేది ఉక్కు, దాని చుట్టూ సీసం పలుచటి పొర మాత్రమే. ఎన్.సి.సి. కుర్రవాళ్లు కాల్చే .22 గుండు తొడుగు లేని సీసమే అయినా రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, అంతే. పూటంతా ఎండలో మట్టి జల్లించిన ఆడమనిషికి దక్కేది కొద్దిపాటి సొమ్ము. లాభం తుక్కు కొట్టులో మిగులుతుంది, విషం ఇంట్లో మిగులుతుంది.

ముందుగా కంటికి కనబడే ప్రమాదాలు చెప్పుకోవాలి. పేలకుండా జారిపడిన తూటా ఒక్కటి ఆ పోగులో కలిసిందా, పొయ్యిమీద అది పేలి ఇత్తడి ముక్కలు కళ్లలోకి, ముఖంలోకి వస్తాయి. రాత్రి కాల్పులలో వెలుగు గీత కనబడేందుకు వాడే గుండ్లకు అడుగున మందు ఉంటుంది. అది పూర్తిగా కాలకపోతే కరిగే గిన్నెలో భగ్గుమంటుంది. కొనకు వేసిన రంగు మట్టిలో రాసుకుపోయాక ఏది ఏదో గుర్తుపట్టడం అలవాటున్నవారికే కష్టం. ఇక ఫిరంగి గుండ్లు, మోర్టారు గుండ్లు పడే మైదానాల సంగతి వేరే చెప్పాలి. అక్కడ కనబడిన ఇనుప వస్తువు దేనినీ తాకకూడదు, తన్నకూడదు, సుత్తితో కొట్టకూడదు. దూరంగా వచ్చి 112కు ఫోను చేయడమొక్కటే పని. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పేలని తూటా దగ్గర ఉంచుకోవడమే నేరం.

రెండోది తడి. సీసం 327 డిగ్రీల వేడికి కరుగుతుంది. నీటి చుక్క ఆవిరి అయితే పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. చితికిన తొడుగు మడతలో వాన తడి దాగిన గుండును కరిగిన సీసంలో వేస్తే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై, గిన్నెలోని సీసాన్ని పైకప్పు దాకా చిమ్ముతుంది. అడుగు కూడా మూసి ఉన్న తొడుగు గుండు అయితే తడి లేకపోయినా లోపల ఉబ్బిన సీసం దారి వెతుక్కుని పిచికారీలా కొడుతుంది. ఒంటిమీద పడ్డ సీసం నూనె మరకలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది.

ఇవి జరిగిన నాడే తెలుస్తాయి. మూడోది అలా కాదు. మట్టికట్టలో గుండు గుండుకు తగిలి నలిగిన సీసపు పొడి ఆ మట్టినిండా ఉంటుంది. కరిగించేటప్పుడు పైన తేలే తెట్టు, బూడిద కూడా సీసమే. గాలిలో లేచి చేతులకు, చీర కొంగుకు, జుట్టుకు అంటి ఇల్లు చేరుతుంది. చంటిపిల్ల నేలమీద పాకి ఆ చేయి నోట్లో పెట్టుకుంటుంది. పెద్దల కడుపులో ఇంకేదానికి నాలుగైదు రెట్లు పిల్లల కడుపులో ఇంకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్లతరబడి నిలుస్తుంది, తల్లి గర్భవతి అయినప్పుడు కదిలి కడుపులోని బిడ్డకు చేరుతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తక్కువ కావడం, పిల్లవాడు చదువులో వెనకబడటం, ఊరికే చిరాకుపడటం వంటి లక్షణాలను చూసి సీసమని ఎవరనుకుంటారు? నులిపురుగులనో, దిష్టి అనో అనుకుంటారు.

ఇది మరీ భయపెట్టడమని అనుకునేవారు సెనెగల్ దేశపు రాజధాని డాకర్ పక్కనున్న థియరోయ్-సుర్-మెర్ సంగతి వినాలి. అక్కడ పాత బ్యాటరీలు ఏళ్లతరబడి పగలగొట్టిన చోట మట్టిలో సీసం ముక్కలున్నాయి. సీసానికి ధర పెరిగేసరికి జనం ఆ మట్టిని తవ్వారు, ఇళ్లకు మోశారు, వాకిళ్లలో జల్లించారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది చిన్నపిల్లలు చనిపోయారు. తరువాత వైద్యులు పరీక్షించిన 81 మందిలో పెద్దలని లేదు, పిల్లలని లేదు, అందరికీ సీసం విషం ఎక్కినట్టు తేలింది. బ్యాటరీ లోపలి ముద్ద గుండు సీసం కన్నా మెత్తటి పొడి, కనుక మరింత కీడు అన్నది నిజమే. కాని తవ్వడం, జల్లించడం, ఇంటికి తేవడం అనే మూడు పనులూ మన పల్లెల్లో చేస్తున్నవే.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ వైద్యులు చెప్పగా, ఆ మాట ఊరూరా నానింది. తరువాత పరీక్షలు పురుగుమందుల వైపు వేలు చూపాయి. అక్కడ కారణం వెతకడానికి పెద్ద పెద్ద సంస్థలు రావలసి వచ్చింది. మన పెరట్లో వెతకవలసిన పని లేదు, పొయ్యి మీదే ఉంది.

అందువల్ల గుండ్లను ఇళ్ల దగ్గర కరిగించడం ఆగాలన్నదే మా అభిప్రాయం. అయితే వల బరువుల కోసం శుభ్రమైన సీసం ముక్క కరిగించుకునేవారు చెప్పగానే మానరన్నది కూడా తెలిసిన సంగతే. వారికి కొన్ని మాటలు. ఇంటికి, బావికి దూరంగా, గాలి వీచే వైపు వీపు పెట్టి ఆరుబయట చేయాలి. పిల్లలు, గర్భవతులు ఆ ఛాయలకు రాకూడదు. సత్తు గిన్నె ఎన్నడూ పెట్టరాదు, ఆ వేడికి అది మెత్తబడి అడుగు ఊడుతుంది. మందపాటి ఇనుప గిన్నె కావాలి, అది మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. పొడి సీసం ముందే గిన్నెలో వేసి సెగ పెట్టాలి తప్ప కరిగాక పైనుంచి వేయకూడదు. అచ్చు పొడిగా ఉండాలి. నీళ్ల బిందె దగ్గర ఉంచుకుని చల్లార్చే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. బూట్లు, పొడుగు చేతుల చొక్కా, కళ్లద్దాలు ఉండాలి. పని సాగినంతసేపు బీడీ, కిళ్లీ, టీ ఏదీ నోట పెట్టకూడదు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు సీసపు పొగను ఆపదు, ఆ ధైర్యం పెట్టుకోవద్దు. కరగాక పైకి వచ్చిన తెట్టును చీపురుతో ఊడ్చి దిబ్బమీద పోస్తారు, ఇది అన్నిటికన్నా చెడ్డ పని. పూర్తిగా చల్లారాకే తడిపి ఎత్తి మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. విడిచిన బట్టలు విడిగా ఉతకాలి.

ఇదంతా ఒక వైపు. బాధ్యత అసలు ఎవరిది? ఆ గుండ్లు కాల్చినది ప్రభుత్వం, ఆ మట్టికట్ట ప్రభుత్వానిది. ఏటా ఒకసారి ఆ శాఖే కట్టను యంత్రంతో జల్లించి, వచ్చిన లోహాన్ని అనుమతి ఉన్న సీసం కర్మాగారాలకు వేలంలో అమ్మవచ్చు. ఆ పని ఇవ్వదలిస్తే చేతి తొడుగులు, ముక్కుకు తగిన మాస్కులు ఇచ్చి, కూలి కట్టి, పక్క ఊరి పెద్దవాళ్లకే ఇవ్వవచ్చు. కట్ట చుట్టూ కంచె లేకపోతే ఒక్క బోర్డు వల్ల ప్రయోజనం ఉండదు, చదువు రాని పశువుల కాపరికి ఆ బోర్డు నీడకే పనికొస్తుంది. కట్ట మీది వాన నీరు దిగువ చెరువులోకి పోతున్నచోట కాలువ మళ్లించాలి. సైనిక మైదానాలకు 1938 నాటి చట్టం ఒకటి ఉంది. కాల్పుల తేదీలు ఊరికి ముందుగా తెలియజేయడం, నష్టానికి పరిహారం కట్టడం అందులో ఉన్నాయి. గుండ్లు కాల్చాక మిగిలేదాన్ని గురించి కూడా ఆ శ్రద్ధే చూపమంటున్నాం.

ఇప్పటికే ఏళ్లుగా కరిగిస్తున్న ఇళ్ల పిల్లల మాట మిగిలింది. మామూలు రక్తపరీక్షలో సీసం బయటపడదు, దానికి ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడినుంచి వస్తున్నదో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మైదానం పక్క ఊళ్లలో అయిదేళ్లలోపు పిల్లల రక్తం నమూనాలు తీసి పెద్ద ప్రయోగశాలకు పంపే ఏర్పాటు జిల్లా వైద్యాధికారి చేయించాలి. వచ్చే ఫైరింగు తేదీలు ప్రకటించే లోపలే ఆ పని మొదలైతే మంచిది.