అడిగితేనే తెలుగు బడి

2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. నాటి నుండి ఆ ఊళ్ల బతుకు బెంగళూరు రైళ్ల మీద ఆధారపడింది. తెల్లవారకముందే బండెక్కి చీకటిపడ్డాక ఇల్లు చేరే తల్లిదండ్రులు, బిడ్డకు ఇంగ్లీషు బడే దారి అనుకోవడంలో వింత లేదు. వారిని నిందించి ప్రయోజనమూ లేదు. కాని తెలుగు బడి మాట ఎత్తినప్పుడల్లా వినిపించే 'పిల్లలు లేరు' అనే సమాధానాన్ని మనం ఒప్పుకోరాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లోనూ రాబర్ట్‌సన్‌పేట వీధుల్లోనూ తెలుగు మాట్లాడే పిల్లలున్నారు. వారి పేరిట అర్జీలే లేవు.

1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద ఉంచింది. ఎందరుంటే కల్పించాలన్న లెక్క 1949 నాటి విద్యామంత్రుల సమావేశంలోనే తేలింది: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది. ఉన్నత పాఠశాలలోనైతే చివరి నాలుగు తరగతుల్లో 60 మంది, తరగతికి 15 మంది. బడులు తెరవడానికి మూడు నెలల ముందే తల్లిదండ్రుల కోరికను నమోదు చేసుకోవాలన్న ఏర్పాటు కూడా ఉంది. ఆ నమోదు జరగనిచోట ఉపాధ్యాయుని నియామకం ఉండదు. ఉపాధ్యాయుడు లేని తరగతికి మరుసటి ఏడు ఎవరూ రారు.

మరి కన్నడం మాటేమిటని అడిగేవారున్నారు. కన్నడం మనం బతికే రాష్ట్రపు నుడి. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసిందే. 2015 నాటి కన్నడ భాషా బోధన చట్టం కన్నడాన్ని మొదటి లేదా రెండవ భాషగా చదవాలంటుంది. తెలుగు మొదటి భాషగా, కన్నడం రెండవ భాషగా చదివితే ఆ చట్టానికి లోటు రాదు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో తెలుగు మొదటి భాషగా ఉండనే ఉంది. ఇంగ్లీషు మాధ్యమం కోరుకొన్నవారు సైతం తెలుగును ఒక భాషగా అడగవచ్చు. బిడ్డ మాతృభాష ఏదో, ప్రాథమిక దశలో ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకొనేది తల్లిదండ్రులేనని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇంగ్లీషు బడుల వ్యాజ్యంలో వచ్చిన ఆ మాట తెలుగు తల్లిదండ్రులకూ చెల్లుతుంది. పైచదువుల దిగులూ అక్కరలేదు. ఎల్లకు ఆవలే కుప్పంలో 1997 నుండి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది.

కనుక వచ్చే ఏడు ఫిబ్రవరిలోనే, ఒక్కో ఊరిలో పదిమంది తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. కాదంటే ఆ కాదన్న మాటను రాతలో కోరాలి. ఆ రాతను 350బి అధికరణం కింద ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మనుడి కోసం పది సంతకాలు పెట్టలేమా?